గోడ మీది చిత్రకళ

రాయచోటి బస్టాండు చుట్టుపక్కల గోడలు, హోటళ్ల పక్క సందులు, పల్లెలకు పోయే దారిలోని కల్వర్టులు... ఒకప్పుడు మన ప్రాంతంలో రంగుల బొమ్మ చూడాలంటే ఇవే చిత్రశాలలు. ఆర్ట్ గ్యాలరీ గడప తొక్కని మనిషి కూడా సినిమా వాల్‌పోస్టర్ ముందర నిలబడి హీరో కంట్లోని కోపాన్నీ, పేరులోని అక్షరాల వంపునూ తనివితీరా చూసేవాడు. ఆ బొమ్మ గీసిందెవరని మాత్రం మనం అడగలేదు.

అమెరికాలో ఇలాంటి బజారు బొమ్మే ‘పాప్ ఆర్ట్’ పేరుతో గ్యాలరీ కెక్కింది. పత్రికా ప్రకటనలకు చెప్పుల బొమ్మలు గీసి బతికిన ఆండీ వార్హోల్ 1962లో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో 32 సూప్ డబ్బాల బొమ్మలు పెట్టాడు. ఆ ఆగస్టులో సినిమా నటి మార్లిన్ మన్రో చనిపోయింది. ‘నయాగరా’ (1953) సినిమా ప్రచారానికి తీసిన ఆమె ఫొటోను తీసుకుని, రంగులు మార్చి మార్చి అచ్చువేశాడు. ఆ పద్ధతి మన ఊళ్లలో పెళ్లిపత్రికలు వేసే స్క్రీన్ ప్రింటింగే. చట్రానికి సన్నని గుడ్డ బిగిస్తారు. రంగు పడకూడని చోట గుడ్డ కన్నాలు మూసుకుపోయేలా చేస్తారు. పైన రంగు పోసి రబ్బరు బద్దతో లాగితే తెరిచి ఉన్న చోటల్లా కిందికి దిగుతుంది. 1964లో అతడు చేసిన ఒక మార్లిన్ బొమ్మ 2022 వేలంలో 19.5 కోట్ల డాలర్లు పలికింది. సినిమా ప్రచారపు ఫొటో, దాని మీద చిత్రకారుడి రంగు: మన పోస్టర్‌కూ ముడిసరుకు అదే.

మన పోస్టర్ చిత్రకారుల్లో ముందుగా చెప్పాల్సిన పేరు ఈశ్వర్. పాలకొల్లుకు చెందిన కొసనా ఈశ్వరరావు. స్వయంగా గొప్ప చిత్రకారుడైన బాపు తన మొదటి సినిమా ‘సాక్షి’ (1967)కి ఈయన చేత పోస్టర్లు వేయించుకున్నారు. ఈశ్వర్ తన వృత్తి గురించి ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకం రాశారు. 2015 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. 2021లో చెన్నైలో కన్నుమూశారు.

పోస్టర్ పని స్టిల్ ఫొటోల ఎంపికతో మొదలయ్యేది. పది ముఖాల్లోంచి కథ చెప్పే ముఖం ఒకటి పట్టుకోవాల్సి వచ్చేది. నలుపు తెలుపు ఫొటోలో లేని రంగును చిత్రకారుడు ఊహించి వేసేవాడు. ఒక చెంప మీద ఎరుపు, రెండో చెంప మీద నీలం వేస్తే ముఖం గోడ నుంచి ముందుకొస్తుంది. కొందరు కుంచె పక్కనపెట్టి, కత్తితో రంగును మందంగా పరిచేవారు. ఫొటోలో ఎవరికీ ఆకుపచ్చ నీడ పడదు. పోస్టర్ మీది విలన్‌కు పడుతుంది, ఆ పచ్చదనంలోనే మనకు భయం పుడుతుంది.

థియేటర్ ముందరి బ్యానర్ ఇంకా కష్టమైన పని. చిన్న బొమ్మ మీద గళ్లు గీసేవారు. సుద్ద పూసిన దారంతో పెద్ద గుడ్డ మీదా అన్నే గళ్లు కొట్టేవారు. ఇక్కడి గడిలో ఉన్నది అక్కడి గడిలోకి పెంచుకుంటూ పోవాలి. దగ్గరి నుంచి చూస్తే రంగు మరకలే. రోడ్డుకు అవతలి పక్క నిలబడితేనే ఎన్టీ రామారావు ముఖం కుదురుతుంది. చేతికందేంత దగ్గర నిలబడి, యాభై అడుగుల దూరం నుంచి చూసేవాడి కోసం గీయడం సామాన్యమైన విద్య కాదు. ప్రసిద్ధ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు గీస్తూ బతికిన కాలం ఉంది. ఆ హుస్సేనే తర్వాత హైదరాబాద్‌లో ‘సినిమా ఘర్’ పేరుతో గ్యాలరీ కట్టించారు.

నా మటుకు నాకు ఈ కళలో అన్నిటికన్నా గొప్పది అక్షరం. పౌరాణికానికి రాతిలో చెక్కినట్టు, జానపదానికి కత్తి అంచులా, ప్రేమకథకు తీగ సాగినట్టు పేరు రాసేవారు. గుండ్రని తెలుగు అక్షరానికి ఇన్ని వేషాలు ఇంకెవరు కట్టారు? చదవడం రానివాళ్లు సైతం అక్షరాల తీరును బట్టి అది ఏ రకం సినిమానో పోల్చుకోగలిగేవారు.

కంప్యూటర్లు, ఫ్లెక్సీలు వచ్చాక చేతి పని పోయింది. పోస్టర్ ఒక వారం బతికే కాగితం. మైదా బంకతో అతికిన దాని మీదే మరుసటి సినిమాది పడేది. అందుకే పాతవి మిగలడం అరుదు. సినిమాలు తీసిన బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు మన పులివెందుల వైపు వాళ్లు. ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. వీళ్ల పేర్లు మనకు కంఠతా వచ్చు. వాళ్ల సినిమాలను ఊరూరి గోడ మీదికి తెచ్చిన చిత్రకారులకూ ఆ గౌరవం దక్కాలి. ఏ గ్యాలరీలోనైనా ఈ పోస్టర్లను వేలాడదీస్తే, హీరో పేరుకు ముందు, గీసినవారి పేరు రాయాలి.

రాయచోటిలో గానీ, కడప, కర్నూలులో గానీ పాత థియేటర్ల యజమానులకు ఒక మనవి. వెనుక గదిలో పోస్టర్ల కట్టలుంటే తూకానికి వేయకండి. మడతలు విప్పి, చుట్టలుగా చుట్టి, చెమ్మ, చెదలు తగలని చోట పెట్టండి. బొమ్మ మూలన గీసినవారి సంతకం ఉందేమో చూసి, ఆ పేరు ఎక్కడైనా రాసి ఉంచండి.