కత్తెరకు తొందర లేని తీగ

హామ్ రేడియో సామాను చాలావరకు ఇప్పుడు కొనుక్కునేదే. ట్రాన్స్‌సీవర్, బ్యాటరీ, మైకు అన్నీ పెట్టెల్లో వస్తాయి. అయినా కొండ మీదికో ఊరవతల తోటలోకో బయల్దేరే హామ్ (అభిరుచి కొద్దీ రేడియో నడిపే మనిషి) సంచీ విప్పి చూస్తే, సొంత చేతులతో చేసుకున్న వస్తువు ఒకటి కనిపిస్తుంది. అది యాంటెన్నా. ఒక చిన్న పలకకు చుట్టిన తీగ, మధ్యలో ఓ ప్లాస్టిక్ ముక్క, కొసల్లో రెండు తాళ్లు, అంతే. సంచీలో అన్నిటికంటే చవకైనది అదే. కానీ అయిదు, పది వాట్ల చిన్న రేడియో గొంతు ఎంత దూరం పోతుందో తేల్చేది కూడా ఎక్కువగా అదే.

ఇలాంటి తీగల్లో బాగా ఆలోచించి చేసినది లింక్డ్ డైపోల్. 2002లో బ్రిటన్‌లో మొదలైన ‘సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్’ కార్యక్రమం కింద శిఖరాలెక్కి అక్కణ్నుంచి మాట్లాడే హామ్‌లలో దీనికి మంచి పేరుంది. 7 మెగాహెర్ట్జ్‌కూ 14 మెగాహెర్ట్జ్‌కూ, అంటే హామ్‌లు 40 మీటర్లు, 20 మీటర్లు అని పిలిచే రెండు బ్యాండ్లకూ పనికొచ్చే లింక్డ్ డైపోల్‌ను తీసుకుని, అది ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూద్దాం.

లెక్క

డైపోల్ అంటే నడిమికి రెండుగా విడిపోయిన తీగ. విడిపోయిన చోట రేడియో నుంచి వచ్చే కేబుల్ కలుస్తుంది. రెండు చేతులూ కలిపి తరంగదైర్ఘ్యంలో సగం పొడవుండాలి. 7.1 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 42.25 మీటర్లు, అందులో సగం 21.1. కానీ కొసల దగ్గర విద్యుత్ క్షేత్రం కాస్త బయటికి పొంగుతుంది కాబట్టి తీగ తన అసలు కొలత కంటే పొడవైనట్టు ప్రవర్తిస్తుంది. అందుకని అయిదు శాతం దాకా తగ్గిస్తారు. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుందన్న సూత్రం హామ్‌లకు కంఠతా ఉంటుంది. 7.1కి 20.14 మీటర్లు, అంటే చేతికి 10.07. 14.2కి సరిగ్గా సగం, చేతికి 5.03.

లింక్డ్ డైపోల్ చేసినవాళ్ల యుక్తి ఈ సగం దగ్గరే ఉంది. పది మీటర్ల చేతిని నడుమ తెంచి, కలపడానికీ విప్పడానికీ వీలుగా అక్కడొక చిన్న కనెక్టర్ పెడతారు. లింకు అంటే అదే. విప్పితే లోపలి ముక్కలు 14 మెగాహెర్ట్జ్ డైపోల్. కలిపితే మొత్తం తీగ 7 మెగాహెర్ట్జ్ డైపోల్. మధ్యలో కాయిళ్లు లేవు, ట్యూనర్ పెట్టె అక్కర్లేదు. రెండు బ్యాండ్లలోనూ పూర్తి కొలత తీగే పనిచేస్తుంది. బ్యాండు మార్చాలంటే ప్రతిసారీ కిందికి దించాలి, ఉన్న చిక్కల్లా అదే.

సూత్రం చెప్పిన కొలత ఎక్కడైనా యథాతథంగా నిలుస్తుందనుకుంటే పొరపాటు. ప్లాస్టిక్ తొడుగున్న తీగలో తరంగం కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి పొడవు ఇంకొంచెం తగ్గాలి. కొసలు నేలకు దగ్గరైతే మరికాస్త తగ్గాలి. రాతిగుట్ట మీద ఒక తీరు, తడిసిన పొలం మీద ఇంకో తీరు. అందుకే తెలిసినవాళ్లు లెక్క ప్రకారం కోయరు. దర్జీ కుట్టు లోపల గుడ్డ వదిలినట్టు, చేతికి ముప్పై సెంటీమీటర్ల దాకా ఎక్కువ ఉంచుతారు. ఈ తీగలో మెచ్చుకోవాల్సినదంతా ఆ మిగులును ఎలా దాచారు, ఎలా వాడారు అన్న దాంట్లోనే కనిపిస్తుంది.

నడిమి ముక్క

పనితనం ముందుగా తెలిసేది తీగ, కేబుల్ కలిసే చోట. అక్కడ మూడు బరువులు లాగుతుంటాయి: ఇటో చెయ్యి, అటో చెయ్యి, కిందికి కేబుల్. పది మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ ఒక్కటే మూడున్నర వందల గ్రాములు దాటుతుంది. అనుభవం లేని చేతిలో ఈ లాగుడంతా టంకం మీద పడుతుంది. చిత్రమేమిటంటే, టంకం పెట్టిన చోట తీగ తెగదు, దాని పక్కన తెగుతుంది. సన్నపోగుల తీగలోకి కరిగిన టంకం కొంత దూరం పాకి దాన్ని బిరుసు చేస్తుంది. బిరుసు ముగిసి మెత్తదనం మొదలయ్యే గీత దగ్గర, గాలికి ఊగి ఊగి పోగులు ఒక్కొక్కటే విరుగుతాయి.

నేర్పున్నవాళ్లు చేసిన నడిమి ముక్కలో అరచేతి కంటే చిన్న ప్లాస్టిక్ పలకకు వరసగా రంధ్రాలుంటాయి. తీగను ఒక రంధ్రంలోంచి పైకి, ఇంకోదాంట్లోంచి కిందికి దూర్చి ముడేసి, ఆ తర్వాతే టంకం దాకా తీసుకెళ్తారు. ముడికీ టంకానికీ మధ్య తీగ కాస్త వదులుగా వేలాడుతుంది. లాగుడు ముడి దగ్గర ఆగిపోతుంది, టంకానికి కరెంటు మోయడం తప్ప వేరే పని ఉండదు. కేబుల్‌కూ ఇదే ఏర్పాటు. కోసిన కేబుల్ మొన కిందికి చూసేలా బిగించి జిగురుతో మూస్తారు. లేకపోతే వాననీరు లోపలి అల్లిక వెంట ఒత్తులా పాకి కేబుల్‌ను పాడుచేస్తుంది.

ఆ పలకకే ఒక ఫెరైట్ రింగు, దానికి పది పన్నెండు చుట్లు తిప్పిన సన్న కేబుల్ కనిపిస్తాయి. దాన్ని చోక్ బేలన్ అంటారు. డైపోల్‌కు రెండు చేతులే ఉండాలి. కానీ కేబుల్ పైతొడుగు అల్లిక బయటి ఉపరితలం మీదికి కరెంటు మళ్లితే కేబులే మూడో చెయ్యి అయి కూర్చుంటుంది. అప్పుడు కేబుల్‌ను చేత్తో పట్టుకున్నా యాంటెన్నాను కొలిచే మీటరు రీడింగు మారిపోతుంది. రింగు ఆ దారి మూసేస్తుంది. పరీక్ష కూడా సులువే: కేబుల్ వెంట చెయ్యి పోనిస్తూ మీటరు చూడాలి. ముల్లు కదలకపోతే చోక్ తన పని చేస్తున్నట్టు.

లింకుల దగ్గరా ఇదే బుద్ధి. రెండు రంధ్రాల చిన్న ప్లాస్టిక్ ముక్కకు ఇటు లోపలి తీగ, అటు బయటి తీగ ముడేస్తారు. లాగుడు ఆ ముక్క మోస్తుంది. ముడి దాటి మిగిలిన తోకలకు బుల్లెట్ కనెక్టర్లో క్రోకడైల్ క్లిప్పులో పెట్టి, వదులుగా కలిసేలా వదిలేస్తారు. మిగులు తీగ దాగి ఉండేదీ ఇక్కడే. ముడి దగ్గర తీగను వెనక్కి మడిచి అదే తీగకు మెలివేసి చుడతారు. అలా ఒంటికి అంటుకుపోయేలా మడిచిన తీగ విద్యుత్ విషయంలో దాదాపు లేనట్టే లెక్క. కోసిన తీగను అతకాలంటే టంకం కావాలి, మడిచినదాన్ని విప్పడానికి వేళ్లు చాలు.

చుట్టి పెట్టడంలోనూ ఒడుపుంది. తీగను పలక చుట్టూ ఒకే వైపు తిప్పితే ప్రతి చుట్టుకూ ఒక మెలి పడి, విప్పేటప్పుడు చిక్కులవుతుంది. ఎనిమిది అంకె ఆకారంలో చుడితే ఒక సగంలో పడ్డ మెలిని రెండో సగం విప్పేస్తుంది. తీగ కొస పట్టుకుని నడుస్తూ పోతే చాలు, ఎక్కడా చిక్కు పడకుండా జారుకుంటూ వస్తుంది.

నిలబెట్టడం

చెట్టున్న చోట వడిసెలతోనో చేతివిసురుతోనో సీసం గుండు కట్టిన సన్న తాడును కొమ్మ మీదుగా వేసి, దాంతో నడిమి ముక్కను పైకి లాగుతారు. చెట్టు లేని గుట్ట మీదికి పది మీటర్ల ఫైబర్‌గ్లాస్ కర్ర తీసుకెళ్తారు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే గొట్టాలు కాబట్టి మడిస్తే చేతికర్రంత అవుతుంది. దాని పైకొస మరీ సన్నం, కేబుల్ బరువుకు వంగిపోతుంది. అందుకే నడిమి ముక్కను కొసన కాకుండా ఒకటి రెండు గొట్టాలు కిందగా, సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తులో కడతారు.

రెండు చేతులూ అక్కణ్నుంచి ఇటూ అటూ ఏటవాలుగా దిగుతాయి. దీన్ని ఇన్వర్టెడ్ వీ అంటారు. రెండు చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు, తగ్గితే ఒకదాని ప్రసారాన్ని ఇంకొకటి తినేస్తుంది. 110 డిగ్రీలు ఉంచితే కొసలు నేలకు మూడు మీటర్ల పైన ఆగుతాయి, మొత్తం తీగకు పదహారున్నర మీటర్ల నేల చాలు, తాళ్లకు మరికొంత. ఇలా వాలిన డైపోల్ ఇంపెడెన్స్ 50 ఓమ్‌ల దగ్గరికి వస్తుంది. అంతరిక్షంలో తిన్నగా చాచిన డైపోల్‌కు అది 73 ఓమ్‌లు. కేబులూ రేడియో రెండూ 50 ఓమ్‌లవే కాబట్టి వాలు వల్ల స్థలమూ కలిసొచ్చింది, పొంతనా కుదిరింది. పైగా ఆ తీగలే కర్రను రెండు వైపులా పట్టి ఉంచుతాయి. అడ్డదిక్కున ఒకటి రెండు తాళ్లు కడితే కర్ర కదలదు. తాళ్లకు జరిపి బిగించుకునే ముడి వేస్తే గాలిని బట్టి సర్దుకోవచ్చు.

తొమ్మిది మీటర్ల ఎత్తు రెండు బ్యాండ్లలో రెండు రకాలుగా పనిచేస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌కు అది తరంగదైర్ఘ్యంలో పావు కంటే తక్కువ. ప్రసారం ఎక్కువగా నెత్తిమీదికి పోయి, అయనోవరణాన్ని తాకి, చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర వానలా కిందికి దిగుతుంది. పగటిపూట హైదరాబాదు నుంచి కర్నూలుకో విజయవాడకో మాట్లాడటానికి ఇది సరిపోతుంది, మధ్యలో కొండలున్నా అడ్డు కావు. 14 మెగాహెర్ట్జ్‌కు అదే ఎత్తు దాదాపు సగం తరంగం. ప్రసారం దిగంతం వైపు వాలి దూరదేశాలకు పోతుంది.

శ్రుతి

తీగ నిలబడ్డాక కేబుల్ కింది కొసకు యాంటెన్నా ఎనలైజర్ తగిలిస్తారు. అరచేతిలో ఇమిడే నానోవీఎన్ఏ వచ్చాక ఈ పని చాలా మందికి అందుబాటులోకి వచ్చింది. తెరమీద ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత వెనక్కి తిరుగుతోందో తెలిపే సంఖ్య) గీత లోయలా దిగి మళ్లీ పైకి లేస్తుంది. లోయ అడుగు ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరుందో అదే ఆ తీగ శ్రుతి. అది కావలసినదాని కంటే కింద ఉంటే తీగ పొడవెక్కువ, పైన ఉంటే పొడవు తక్కువ.

వరస తప్పకూడదు: ముందు లోపలి ముక్క, తర్వాత బయటిది. లోపల మార్చిన ప్రతి సెంటీమీటరూ మొత్తం పొడవునూ మారుస్తుంది, బయట మార్చినది లోపలికి దాదాపు తగలదు. లింకు విప్పి 14 మెగాహెర్ట్జ్‌ను చూసేటప్పుడు కూడా బయటి తీగలు వాటి చోట వేలాడుతూనే ఉండాలి, పక్కనున్న తీగ ప్రభావం ఎంతో కొంత ఉంటుంది కాబట్టి.

ఎంత మార్చాలో తడుముకోనక్కర్లేదు. ఉన్న పొడవును కొలిచిన ఫ్రీక్వెన్సీతో గుణించి, కావలసిన ఫ్రీక్వెన్సీతో భాగిస్తే కొత్త పొడవు వస్తుంది. 20.4 మీటర్ల తీగ 6.95 దగ్గర శ్రుతి పలికిందనుకుందాం. మనకు 7.1 కావాలి. కొత్త పొడవు 19.97 మీటర్లు, అంటే చేతికి 21 సెంటీమీటర్ల పైచిలుకు తగ్గాలి. అనుభవమున్నవాళ్లు ముందు పదిహేను మడిచి, ఎత్తి చూసి, మిగతాది అప్పుడు సర్దుతారు. రెండు చేతులూ సమానంగా మడుస్తారు. నాలుగు చోట్ల వాడి చూసి, ఎక్కడా విప్పాల్సిన అవసరం రాని మడత ఎంతో తేలాకే కత్తెర తీస్తారు. అప్పుడు కూడా గుప్పెడు పొడవు మిగులు ఉంచేవాళ్లే ఎక్కువ.

ఎంత మంచి మీటరైనా చెప్పలేనిది ఒకటుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 2 అంటే పంపిన శక్తిలో తొమ్మిదో వంతు వెనక్కి తిరుగుతోందని అర్థం, చిన్న స్టేషన్లకు అదేమంత నష్టం కాదు. దాన్ని 1.1కు దించడానికి గంటలు పోసేవాళ్లున్నారు. సంఖ్య తక్కువైనంత మాత్రాన యాంటెన్నా మంచిదైపోదు. శక్తిలో సగాన్ని దారిలోనే మింగే పాడైన కేబుల్‌కు అవతల ఏమీ తగిలించకపోయినా మీటరు 3 దాటదు. 50 ఓమ్‌ల రెసిస్టరుకు మీటరు 1 చూపిస్తుంది, కానీ అది వేడెక్కుతుందే తప్ప ఎవరికీ వినిపించదు. తీగ ఎత్తు, కేబుల్ నాణ్యత, చోక్ ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఆ సంఖ్యకు విలువ.

జాగ్రత్తల విషయంలో మినహాయింపులు లేవు. కరెంటు తీగల దరిదాపుల్లో కర్ర ఎత్తకూడదు, అది పడిపోయినా తగలనంత దూరం ఉండాలి. ప్రసారం జరిగేటప్పుడు కొసల్లో వోల్టేజీ ఎక్కువ, అవి మనిషి చేతికి అందకూడదు. ఉరుము వినిపిస్తే తీగ దించేయాలి.

ఈ పనితనం సరదాకే పరిమితం కాదు. 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచ హామ్‌లతో మాట్లాడుతోంది. డిసెంబరు 26న సునామీ వచ్చి టెలిఫోన్లు మూగబోయినప్పుడు, అండమాన్ కబుర్లను బయటికి చేరవేసింది ఆ హామ్‌లే. ఆపద రోజున సామాను విప్పి త్వరగా గాలిలోకి రాగలిగేది, ముందే ఎన్నోసార్లు విప్పి చుట్టిన చేతులే.

పన్నెండేళ్లు నిండిన ఎవరైనా కేంద్ర టెలికాం శాఖ నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవచ్చు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం మాత్రం నేరం. చేసి చూడాలనుకునేవారు లింకుల జోలికి పోకుండా మొదట 7 మెగాహెర్ట్జ్ డైపోల్ ఒక్కటే చేయండి. దానికి రెండు చేతుల్లోనూ ఒక సెంటీమీటరు తేడా వస్తే శ్రుతి ఏడు కిలోహెర్ట్జ్ మాత్రమే జరుగుతుంది, అదే 14లో ఇరవై ఎనిమిది. కొత్త చేతులకు 7 మెగాహెర్ట్జ్ తీగే నయం.