తెర మీద అక్షరం, లోపల సంకేతం

ఫోనులోనైనా కంప్యూటరులోనైనా తెలుగు అక్షరం బొమ్మగా కాదు, సంఖ్యగా నిల్వ ఉంటుంది. ప్రపంచ లిపులకు ఉమ్మడిగా ఉన్న యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి తొలి కూర్పు నుంచే తెలుగుకు చోటుంది. మన లిపికి కేటాయించిన గళ్లు 128. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు, తెలుగు అంకెలు అన్నీ వాటిలోనే సర్దుకున్నాయి. వత్తులకు మాత్రం విడిగా గళ్లు లేవు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా వస్తే రెండోదాన్ని వత్తుగా మలిచి చూపించే పని ఫాంటుది. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే. యంత్రానికి అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: మొత్తం ఆరు సంకేతాలు. ఈ ఒక్క సంగతి తెలిస్తే రోజువారీ టైపింగులో వచ్చే చిక్కులు చాలావరకు అర్థమవుతాయి.

బ్యాక్‌స్పేస్‌నే తీసుకుంటే, ‘స్త్రీ’ తర్వాత దాన్ని ఒకసారి నొక్కినప్పుడు సాధారణంగా గుడిదీర్ఘం ఒక్కటే పోయి ‘స్త్ర’ మిగులుతుంది. గుణింతం తప్పిందని పదమంతా చెరిపి మళ్లీ కొట్టేవారు ఎందరో ఉన్నారు. ఆ శ్రమ అక్కర్లేదు. చివరి గుర్తు తీసేసి సరైనది పెడితే చాలు. కంప్యూటరులో డిలీట్ కీ తీరు వేరు. చాలా ప్రోగ్రాముల్లో అది కర్సర్ తర్వాత ఉన్న అక్షరాన్ని వత్తులతో సహా తుడిచేస్తుంది. ఎస్సెమ్మెస్ సంగతీ సంకేతాల లెక్కే. ఒక సందేశంలో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా ఆ హద్దు 70కి దిగుతుంది. పైగా ఒక్కో అక్షరానికి రెండు మూడు సంకేతాలు ఖర్చవుతాయి కాబట్టి చిన్న కబురు కూడా రెండు సందేశాలుగా విడిపోతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువమంది వాడే జీబోర్డులో తెలుగు కావాలంటే కీబోర్డు సెట్టింగుల్లో భాషల విభాగం తెరిచి తెలుగును చేర్చాలి. ఆ తర్వాత స్పేస్‌బార్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే ఒక భాష నుంచి మరో భాషకు మారవచ్చు. చేర్చేటప్పుడే రకరకాల పద్ధతులు కనిపిస్తాయి. నేరుగా తెలుగు అక్షరాలున్న కీబోర్డు ఒకటి, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చేది మరొకటి, వేలితో తెర మీద రాసేది ఇంకొకటి. ఎక్కువమంది రెండోదానితోనే సరిపెట్టుకుంటారు. నాలుగు ముక్కల కబురుకు అది బాగానే పనికొస్తుంది. రోజూ రాసేవారికి మాత్రం నేరుగా తెలుగులో కొట్టడమే మేలు. ఇంగ్లీషు అక్షరాల దారిలో ల, ళ తేడాను, న, ణ తేడాను యంత్రమే ఊహించాలి. ఊహ తప్పితే ‘కళ’ కాస్తా ‘కల’ అవుతుంది, ఆ తప్పు రాసినవారి కంట పడకుండా వెళ్లిపోతుంది. నేరుగా కొట్టేటప్పుడు నొక్కిందే పడుతుంది. మొదటి వారం చేయి నెమ్మదిగా సాగినా ఆ తర్వాత వేళ్లకు దారి తెలుస్తుంది. కీబోర్డు జోలికే పోలేని పెద్దవారికి వేలిరాత చక్కని ఉపాయం. పలక మీద దిద్దినవారికి దాన్ని ప్రత్యేకంగా నేర్పాల్సిన పనే లేదు.

మాట్లాడితే రాసిపెట్టే సదుపాయాన్ని గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుకూ తెచ్చింది. కీబోర్డు మీది మైకు గుర్తును నొక్కి, తొందర లేకుండా వాక్యాన్ని పూర్తిగా పలికితే ఫలితం బాగుంటుంది. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, యాస మాటలు, విరామ చిహ్నాలు మాత్రం పంపేముందు ఒకసారి చూసుకుని తీరాలి.

విండోస్ కంప్యూటరులో సెట్టింగుల్లోని భాషల విభాగంలో తెలుగును చేరిస్తే, విండోస్ కీని స్పేస్‌బార్‌తో కలిపి నొక్కి కీబోర్డు మార్చుకోవచ్చు. ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అంతకంటే ఎంతో పాతది. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. కె నొక్కితే క, షిఫ్టుతో ఖ. ఐ నొక్కితే గ, షిఫ్టుతో ఘ. పొల్లు డి మీద ఉంటుంది. కన్నడ, హిందీ, తమిళం వంటి భాషలకూ ఇదే అమరిక కాబట్టి తెలుగుకు నేర్చుకున్న చేయి వాటికీ పనికొస్తుంది. బడి పిల్లలకు మొదటే నేర్పదగినది ఇదే.

కంటికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉండే గుర్తులతో మరింత జాగ్రత్త కావాలి. ‘దుఃఖం’లో విసర్గ బదులు ఇంగ్లీషు కోలన్ పెట్టేవారు చాలామంది. అచ్చులో ఆ తేడా పెద్దగా కనిపించదు. వెతికేటప్పుడు మాత్రం పదం దొరకకపోవచ్చు, ఎందుకంటే యంత్రం దృష్టిలో అది రెండు ముక్కలు. సున్న బదులు తెలుగు అంకెల్లోని సున్నాను పెట్టడమూ అలాంటిదే. అలా కొట్టిన ‘ఆంధ్ర’ వెతుకులాటకు చిక్కదు. సరైన పదాన్ని పక్కనే కొట్టి, రెండింటినీ విడివిడిగా ఆ పేజీలోనే వెతికి చూస్తే తప్పు బయటపడుతుంది.

వీటికి తోడు కనిపించని గుర్తు ఒకటుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టబోతే ‘సాఫ్ట్వేర్’ అని పడటం చాలామందికి అనుభవమే. ట తర్వాత పొల్లు, ఆ వెంటనే వ వచ్చాయి కాబట్టి ఫాంటు తన నియమం ప్రకారం వత్తు చేసేసింది. రెండింటినీ కలవనీయకుండా మధ్యలో నిలిచే అదృశ్య సంకేతం ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘లేఖిని’ అనే తెలుగు టైపింగు వెబ్‌సైటులో టోపీ గుర్తు (^) కొడితే అది పడుతుంది. కీబోర్డులో ఆ సదుపాయం లేకపోతే సరిగా ఉన్న పదాన్ని కాపీ చేసుకుని అతికించవచ్చు. ‘జ్ఞా’ అక్షరంలో ఇదే సంకేతం చేరినప్పుడు 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ దాన్ని సరిచేసింది. ఫోను అడిగినప్పుడు అప్‌డేట్లను వాయిదా వేయకుండా చేసుకోవాలనడానికి తెలుగు అక్షరమే ఇచ్చిన నిదర్శనం ఇది.

భద్రపరిచేటప్పుడు కూడా సంకేతాలు పాడవుతాయి. ఎక్సెల్ జాబితాను మామూలు సీఎస్‌వీగా దాచితే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, ఆ ఫైలులో వాటిని తిరిగి రాబట్టే దారి లేదు. పేరులో యూటీఎఫ్-8 అని ఉన్న సీఎస్‌వీ రకాన్నే ఎంచుకోవాలి. పాత విండోస్‌ల నోట్‌ప్యాడ్‌లోనూ దాచేటప్పుడు యూటీఎఫ్-8ను ఎంచుకోవాల్సి వచ్చేది.

ఇక మిగిలింది పాత రాతల సంగతి. శుభలేఖల నుంచి పుస్తకాల దాకా డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి ‘అను’ అనే ఫాంట్లతోనే పని జరిగింది. వాటిలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు రూపాలు తొడిగారు. అందుకే ఆ ఫాంటు లేని చోట అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అందం కోసం ఆ ఫాంట్లనే పట్టుకుని ఉండాల్సిన అవసరం ఇప్పుడు లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు కూడా వెబ్‌లో ఉన్నాయి. అను కూర్పు మారితే సంకేతాలూ మారతాయి కాబట్టి ఏ కూర్పుతో కొట్టారో ముందు తెలుసుకోవాలి. మార్చాక పాఠాన్ని ఒకసారి దిద్దుకోవాలి. ఫైలు పోయి కాగితమే మిగిలితే దాన్ని ఫోనుతో ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ కింద పాఠం వస్తుంది. వెలుతురు బాగా పడేలా, వంకర లేకుండా తీసిన ఫొటోకు తప్పులు తగ్గుతాయి. అను ఉన్న పాత కంప్యూటరును అమ్మేముందు మాత్రం అందులోని ఫైళ్లన్నిటినీ పీడీఎఫ్‌గానూ, యూనికోడ్ పాఠంగానూ రెండు రకాలుగా తీసి ఉంచుకోవాలి. మొదటిది పేజీ రూపాన్ని నిలుపుతుంది, రెండోది వెతకడానికీ దిద్దడానికీ పనికొస్తుంది.