మన రాజకీయ పరిభాషలో ‘వాదం’ – కొన్ని ప్రశ్నలు

భాష ఉపరితలంలో భాగమా, కాదా అన్న చర్చ మార్క్సిస్టు విమర్శకు కొత్తది కాదు. భాష ఏ ఒక్క వర్గానిదీ కాదనీ, సమాజం మొత్తానికి ఉమ్మడి సాధనమనీ 1950లో స్టాలిన్ తేల్చి చెప్పాడు. స్థూలంగా ఆ మాటను అంగీకరించవచ్చు. కాని ఆ ఉమ్మడి భాషలోంచి రాజకీయ అవసరం కోసం ఏరి, కూర్చి, తయారుచేసుకున్న పరిభాష విషయంలో అంత నిశ్చింతగా ఉండలేం. పరిభాషలోని ప్రతి పదం వెనుకా ఒక నిర్ణయం ఉంటుంది. దాన్ని పరీక్షించకుండా వాడుతూ పోతే, మనకు తెలియకుండానే అది మన ఆలోచనను నడిపిస్తుంది.

ఇటీవల మా బడిలో పదో తరగతి పిల్లల చేత వ్యాసాలు రాయించాను. ఒక విద్యార్థి “సామ్రాజ్యవాదం అంటే సామ్రాజ్యాలు ఉండాలని వాదించడం” అని రాశాడు. తప్పని కొట్టివేయబోయి ఆగిపోయాను. తెలుగు తెలిసినవాడు ఆ పదాన్ని చూసి మరోలా అర్థం చేసుకోవడానికి అందులో ఆధారం ఏముంది?

‘వాదం’ మనకు దర్శనాల నుంచి వచ్చిన మాట. నైయాయికులు వాద, జల్ప, వితండాలని చర్చను మూడు విధాలుగా విభజించారు. తత్వనిర్ణయం కోసం చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ లేకుండా ఎదుటివాణ్ణి ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండం. కోర్టులో వాది ప్రతివాదులున్నారు. రచ్చబండ దగ్గర వాదులాట ఉంది. ఎక్కడ చూసినా వాదమన్నది బుద్ధితోనో నోటితోనో చేసే పని. కనుక భౌతికవాదం, హేతువాదం, మానవతావాదం అన్నప్పుడు మాటకూ అర్థానికీ పేచీ లేదు. అవి సిద్ధాంతాలే, దృక్పథాలే.

సామ్రాజ్యవాదం అలాంటిది కాదు. లెనిన్ 1916లో రాసిన గ్రంథంలో దాన్ని పెట్టుబడిదారీ విధానపు అత్యున్నత దశగా నిరూపించాడు. గుత్తాధిపత్యం, బ్యాంకు పెట్టుబడీ పరిశ్రమల పెట్టుబడీ కలిసిపోవడం, పెట్టుబడి ఎగుమతి, ప్రపంచాన్ని పంచుకోవడం – ఇవి దాని లక్షణాలు. వీటిలో ఏదీ అభిప్రాయం కాదు. సామ్రాజ్యం మంచిదని ప్రపంచంలో ఒక్కరూ వాదించకపోయినా అప్పు మీద వడ్డీ వసూలవుతూనే ఉంటుంది. ఆర్థిక వ్యవస్థలోని ఒక దశకు అభిప్రాయమనే చొక్కా తొడిగాం. ఫలితంగా మన కవిత్వంలో సామ్రాజ్యవాదం తరచు కోరలున్న రాక్షసుడిగా, దురాశాపరుడైన తెల్లదొరగా కనిపిస్తుంది. దాని పనితీరు మాత్రం కనిపించదు.

‘పెట్టుబడిదారీ విధానం’తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. తెలుగు పెట్టుబడికి పారశీకపు ‘దారు’ను తగిలించిన ఈ పదం వ్యాకరణ పండితుడికి రుచించకపోవచ్చు. కాని పెట్టుబడి ఎవరిచేతిలో ఉందో ఆ పదమే చెబుతుంది. జమీందారునూ ఇజారాదారునూ చూసిన పల్లె మనిషికి వివరణ లేకుండానే అర్థమవుతుంది. పైగా ‘విధానం’ అన్నాం గనుక అది ఎవరి అభిప్రాయమో అని వెతకనక్కరలేదు.

‘వలసవాదం’ మరీ విచిత్రం. కరువు కాలంలో పాలమూరు కూలీ బొంబాయికీ, పుణెకూ వలసపోయాడు. తెలుగులో ‘వలస’ అంటే మొదట స్ఫురించేది ఆ మూట, ఆ బిడ్డ, తాళం వేసిన ఆ ఇల్లు. ఈస్టిండియా కంపెనీ అలాగే వచ్చిందా? బాధితుడి మాటను తీసి దోపిడీదారుకు అతికించాం. ‘పరాయి పాలన’ అన్న తేలిక మాట చేతిలో ఉండగానే ఈ పని చేశాం.

ఇందులో అనువాదకులను నిందించడం నా ఉద్దేశం కాదు. మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలు విశాలాంధ్ర ద్వారా చౌకగా మన చేతికి వచ్చాయి గనుకనే నాలాంటి పల్లెటూరి పంతుళ్ళు నాలుగు మాటలు నేర్చారు. అక్కడ అనువాదకుడుగా పనిచేసిన రా.రా. తరువాత ‘అనువాద సమస్యలు’ రాశారంటే, ఆ కష్టం వారికి తెలియక కాదు. లోపం ఆ తరువాతి వారిది, అంటే మనది. అవసరం కొద్దీ చేసిన పదాలను అంతిమ పదాలుగా తీసుకున్నాం.

పదం ఎవరి పక్షాన పనిచేస్తున్నదో గమనించడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది ‘మతోన్మాదం’. ఉన్మాదమంటే పిచ్చి. పిచ్చివాడు చేసిన పనికి పూర్తి బాధ్యత అతనికి ఉండదు. కాని 1993 జనవరిలో బొంబాయిలో జరిగిన దాడులు కేవలం ఆవేశంలో జరిగినవి కావనీ, సంఘటితంగా నడిపినవనీ 1998లో వెలువడిన శ్రీకృష్ణ కమిషన్ నివేదిక చూపింది. అలాంటి పనికి ఉన్మాదమని పేరు పెట్టడం ఖండనలా కనిపించినా, నేరస్థుడికి సగం క్షమాపణ ఇస్తుంది. ‘మతతత్వ రాజకీయం’ అంటే ఉద్రేకం తగ్గుతుందేమో గాని, నిజం పెరుగుతుంది.

రెండోది ‘వేర్పాటువాదం’. 1969 నుంచీ తెలంగాణలో ఉద్యమించిన వారిని ఎదుటి పక్షం ఈ మాటతోనే పిలిచింది. వారు మాత్రం తమను ప్రత్యేక తెలంగాణ ఉద్యమకారులమనే చెప్పుకున్నారు. కోర్కె ఒకటే, పేర్లు రెండు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. నిన్నటి వేర్పాటు మరునాటికి అవతరణ అయింది. మాట మారడానికి నిఘంటువు కారణం కాదు, బలాబలాలు కారణం.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ‘అస్తిత్వవాదం’ అన్న పదాన్ని మనం మొదట సార్త్ర్ తత్వానికి వాడాం. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ వంటి నవలల చర్చలో ఆ మాట దొర్లింది. మనిషి ముందు ఉంటాడు, తానేమిటన్నది తరువాత తానే ఎంచుకుంటాడు, ఆ ఎంపికలో అతను ఒంటరి – స్థూలంగా ఆ తత్వం ఇది. దాన్ని మధ్యతరగతి వ్యక్తివాదంగా మనం విమర్శించాం. ఆ విమర్శలో కొంత న్యాయముంది.

1980ల తరువాత స్త్రీలు, దళితులు, ముస్లింలు తమ గొంతుతో రాయడం మొదలుపెట్టారు. ‘నీలిమేఘాలు’ 1993లో, ‘చిక్కనవుతున్న పాట’ 1995లో వచ్చాయి. వీటికి కూడా మనం ‘అస్తిత్వవాద సాహిత్యం’ అని పేరు పెట్టాం. ఎంత పొరపాటో చూడండి. సార్త్ర్ మనిషి పుట్టుకతో ఏమీ కాడు. కారంచేడు దళితుణ్ణి 1985లో పొలాల్లో తరిమి చంపింది అతని పుట్టుకను బట్టి. అక్కడ ఒంటరి వ్యక్తి ఎంపిక, ఇక్కడ ఒక సమూహం మీద మోపిన గుర్తింపు. దాదాపు ఎదురెదురు భావాలకు ఒకే పదం ఇచ్చాం. దాంతో పాత పదానికి అంటిన మరక కొత్త రచయితల మీద పడింది. ఆ సాహిత్యాన్ని చదవక ముందే వ్యక్తివాదమనీ, ఐక్యతకు భంగమనీ మనలో కొందరు తీర్పు చెప్పడానికి ఈ పదం ఒక కారణమని నా అభిప్రాయం. అసలు కారణం మన సంకుచితత్వమే. పదం దానికి చాటు ఇచ్చింది.

ఆ ఉద్యమాలు తమకు తాము పెట్టుకున్న పేర్లు చూడండి. పంచములని పిలిపించుకున్నవారు 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సమావేశమై ఆది ఆంధ్రులమన్నారు. గాంధీ హరిజనులన్నారు. వారు తరువాత దళితులమన్నారు. ‘దళిత’మంటే చీల్చబడినది, నలగగొట్టబడినది. ఆ పదం విన్నవాడికి వెంటనే నలగగొట్టిందెవరన్న ప్రశ్న వస్తుంది. హరిజన పదంలో ఆ ప్రశ్నకు తావు లేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగల ఉద్యమానికి ‘దండోరా’ అని పేరు. ఊరి పెద్దల ఆజ్ఞలు చాటడానికి తమ చేత కొట్టించిన డప్పును తమ మాట చాటడానికి తీసుకున్నారు. ఆ పేరులో వాదం లేదు, వివరణ అక్కరలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో కూడా పల్లె జనం ఆంధ్రమహాసభ అనలేదు, ‘సంగం’ అన్నారు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ సంగం ఊరేగింపులోనే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పదానికి అర్థం వాడుక వల్ల వస్తుంది గాని వ్యుత్పత్తి వల్ల కాదు కదా? ‘విప్లవం’ సంస్కృతంలో ఉపద్రవం, కల్లోలం. ‘అభ్యుదయం’ శుభకార్యాల్లో కుటుంబ వృద్ధిని కోరే మాట. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మహాసభ జరిగాక ఆ మాటకు సమాజమంతటి వృద్ధి అర్థమైంది. ఆక్షేపణ సరైనదే. కాని ఆ పదాలకు కొత్త అర్థం ఊరికే రాలేదు. వేలమంది జైళ్ళకు వెళ్ళి, ప్రాణాలిచ్చి ఆ అర్థాన్ని నింపారు. ఉద్యమం ఆ పని చేయని చోట వ్యుత్పత్తే రాజ్యమేలుతుంది. మా విద్యార్థి సమాధానమే అందుకు సాక్ష్యం.

అందుచేత రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా విజ్ఞప్తి ఇది. ‘వాదం’ అని రాయబోయే ముందు ఒక్క క్షణం ఆగి, మనం చెప్పబోయేది సిద్ధాంతమా, వ్యవస్థా, ఉద్యమమా, లేక ఎదుటివాడికి తగిలించే ముద్రా అని ప్రశ్నించుకుందాం. అస్తిత్వవాదాన్ని సార్త్ర్‌కు వదిలి, మన ఉద్యమాలను వారు కోరుకున్నట్టు ఆత్మగౌరవ ఉద్యమాలనే పిలుద్దాం. సామ్రాజ్యవాదం వంటి స్థిరపడిన పదాలను ఇప్పుడు తీసివేయలేం. కాని వాటిని వాడిన ప్రతిచోటా ఎవరు, ఎవరి నుంచి, ఏం తీసుకుపోతున్నారో పక్కనే చెప్పవచ్చు. ఆ విద్యార్థికి నేను సగం మార్కులు వేశాను. తక్కిన సగం అతనికి దక్కేలా రాయవలసిన బాధ్యత మనది.