మెరిట్: సంపాదించిందా, సంక్రమించిందా?

కులం పేరెత్తకుండా కులం మాట్లాడటానికి మన దేశంలో బాగా పనికొస్తున్న మాట మెరిట్. రిజర్వేషన్ల చర్చ ఎక్కడ మొదలైనా ఈ మాటే ముందు బెంచీలో కూర్చుంటుంది. అందుకే దీని పుట్టుపూర్వోత్తరాలు తిరగేయాల్సి వచ్చింది.

దీని మూలం లాటిన్. కష్టపడి సంపాదించుకోవటం, ఆ కష్టంతో హక్కుదారు కావటం అక్కడి అర్థం. సైనికుడు కొలువు చేసి జీతం తీసుకోవటానికీ ఆ క్రియే వాడేవారు. అంటే మెరిట్ మొదట్లో కూలికి చుట్టం.

తెలుగులోకి వచ్చేసరికి అది ఎక్కువగా 'ప్రతిభ' అయింది. అలంకారశాస్త్రం కావ్యానికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అని మూడు హేతువులు చెప్తుంది. వ్యుత్పత్తి చదివితే వస్తుంది, అభ్యాసం చేస్తే వస్తుంది. ప్రతిభ మాత్రం పుట్టుకతో రావాలి. మూడింటిలో పుట్టుక మాటనే ఏరి మెరిట్‌కి తగిలించారు. ఎవరో కూర్చుని కుట్ర చేశారని మేము అనటంలేదు. ఆ మాట అంత సులువుగా అతుక్కోవటానికి నేల ముందే దున్ని ఉందని అంటున్నాం. సంపాదన జన్మ అయ్యాక కులం ఎంత దూరం?

'ఓసీ' అనే మాట చూడండి. సీట్ల జాబితాలో అది ఓపెన్ కాంపిటీషన్, అందరికీ తెరిచిన తలుపు. ఓపెన్‌లో మార్కులతో నెగ్గిన రిజర్వుడు అభ్యర్థిని కోటా లెక్కలో వేయకూడదని 1992 ఇంద్రా సహానీ తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ వాడుకలో 'మేం ఓసీలం' అంటారు. అందరి తలుపు కొన్ని కులాల ఇంటిపేరైంది. ఎస్సీ పిల్ల ఓపెన్‌లో సీటు తెచ్చుకుంటే 'మా సీటు పోయింది' అనే మాట మేము హాస్టళ్లలో విన్నాం.

1990లో మండల్ వ్యతిరేక విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపారు. 2006లో మెడికల్ విద్యార్థులు మళ్లీ చీపుళ్లు పట్టారు. మెరిట్ గలవాడికి ఈ గతి పట్టాలా అని వాళ్ల ఏడుపు. మా అమ్మానాన్నలు రోజూ చేసే పని వాళ్లకి అవమానానికి గుర్తు. కష్టంలోంచి పుట్టిన మాటతోనే కష్టాన్ని వెక్కిరించారు.

సరే, మార్కులే మెరిట్ అనుకుందాం. సీట్లు మిగిలిపోతున్నాయని 2023 సెప్టెంబరులో నీట్ పీజీ అర్హతని అన్ని కేటగిరీలకీ సున్నా పర్సెంటైల్‌కి దించారు. పరీక్ష రాసిన ప్రతివాళ్లూ కౌన్సెలింగుకి అర్హులే. రిజర్వేషన్ డాక్టరు చేతిలో ప్రాణాలు పోతాయని భయపెట్టినవాళ్లు అప్పుడు చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కలేదు. లక్షలు పోసి కొనే మేనేజ్‌మెంట్ సీటు మీదా వాళ్లకి అంత కోపం రాదు. డబ్బు వచ్చి కూర్చుంటే మెరిట్ లేచి చోటిస్తుంది.

పోటీ పరీక్షలో వచ్చిన మార్కులొక్కటే మెరిట్ కాదనీ, ఆ మార్కుల వెనక కుటుంబం ఇచ్చిన చదువు, పరిచయాలు, కోచింగ్ ఉంటాయనీ 2022 జనవరిలో సుప్రీంకోర్టు నీట్ ఓబీసీ రిజర్వేషన్ తీర్పులో ఒప్పుకుంది. మన బస్తీల్లో ఎవరినడిగినా చెప్పే సంగతి ఇది.

మనవాళ్లతో కూడా ఒక మాట. 'మాకూ మెరిట్ ఉంది, ఇవిగో ర్యాంకులు' అని చూపించటం కొన్నిచోట్ల తప్పదు. కానీ అక్కడితో ఆగితే వాళ్ల కొలబద్దని మన చేత్తోనే నిలబెట్టినట్టు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టెక్కినవాళ్లు ఎంత దూరం నుంచి నడిచొచ్చారో ఏ మార్కుల జాబితా కొలవదు. ఆ నడకని లెక్కలోకి తెమ్మని అడగాలి. మాటకున్న పాత అర్థం మన పక్షానే ఉంది.

ఇకమీద సెమినార్లోనో స్టాఫ్‌రూంలోనో ఎవరైనా మెరిట్ అంటే ఒక్క ప్రశ్న వేద్దాం: అయ్యా, తమరిది సంపాదించిందా, సంక్రమించిందా?