మూడు ఇరుసుల తల్లి

దండం నీకు, తల్లీ. నీ దేశమైన ఇటలీ భాషలో లోకోమొతీవా, అంటే రైలింజను, ఆడపేరే, కనుక ఈ పిలుపు నీకు చెల్లుతుంది. నీకు ముందు దారి చూపే చిన్న చక్రాలు లేవు. వెనక బరువు పంచుకునే చిన్న చక్రాలూ లేవు. ఉన్నవి ఆరే, ఆ ఆరూ లాగేవే. మన రైల్వేవాళ్లు ఇంగ్లీషు అలవాటుతో చక్రాలు లెక్కపెట్టి నిన్ను 0-6-0 అంటారు. ఇటలీవాళ్లు ఇరుసులు లెక్కపెట్టి 0-3-0 అంటారు. నాకు వాళ్ల లెక్కే నచ్చింది. నీ రహస్యమంతా ఆ మూడు ఇరుసుల పొత్తులో ఉంది.

పొగబండిని చూడవచ్చిన పిల్లలు పొగగొట్టం చూస్తారు. పెద్దలు డ్రైవరును చూస్తారు. నా కన్ను మాత్రం నీ పక్కటెముకల దగ్గర వేలాడే ఆ ఉక్కు కడ్డీ మీదే నిలుస్తుంది. కప్లింగ్ రాడ్డు. చక్రం మీద నూనె మరకలతో, వంకర లేని ఒంటితో, పైకీ కిందికీ గుండ్రంగా ఊగుతూ, ఎంత తిరిగినా నేలకు సమాంతరం తప్పని కడ్డీ. మూడు జతల ఎద్దుల మెడల మీద ఒకే కాడి వేసినట్టు, మూడు ఇరుసుల్నీ కట్టిపడేసింది అదే.

ఆ కాడి ఎందుకు వేశారో చెప్పుకోవాలి, చెప్పుకోకపోతే నీ స్తోత్రం సగమే అవుతుంది. సిలిండరులో ఆవిరి పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసు మీద ఎంత బరువుంటే పట్టాల మీద అంత పట్టు. పట్టుకు మించి లాగబోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. పోనీ బరువంతా ఒక్క ఇరుసు మీదే మోపుదామంటే ఆనాటి ఇనుప పట్టాలు విరుగుతాయి. అందుకని బరువును మూడు ఇరుసులకు పంచారు, పంచిన మూడింటినీ మళ్లీ కడ్డీతో కలిపారు. ఇప్పుడు నీ ఒంట్లోని ప్రతి మణుగు బరువూ లాగుడుకే పనికొస్తుంది. వృథాగా మోసుకు తిరిగే బరువు నీలో లేదు.

కొండ మాత్రం తన లెక్క తాను వేస్తుంది. వెయ్యి మీటర్లకు 25 మీటర్లు ఎక్కే దారిలో, ప్రతి టన్నునూ 25 కిలోల బలంతో వెనక్కి గుంజుతుంది. చక్రాల రాపిడి మరో 5 కిలోలు అనుకుందాం. నువ్వు 35 టన్నుల దానివి, నీ బరువులో ఆరోవంతు పట్టుగా దొరికిందనుకుంటే, నిన్ను కూడా కలుపుకుని సుమారు 190 టన్నులు ఎక్కించగలవు. వాన పడి పట్టాలు తడిస్తే అదీ లేదు. అప్పుడు డ్రైవరు ఇసుక వదులుతాడు. గుప్పెడు ఇసుక నీ చక్రాల కింద నలిగి పిండి అయ్యి, ఆ పిండి మీద నువ్వు కాలు నిలదొక్కుకుంటావు. ఇన్ని టన్నుల ఉక్కుకు ఇసుకరేణువు ఊతకర్ర కావడం నాకు ఎప్పటికీ పాతబడని అద్భుతం.

ఇంకొక అద్భుతం నీ ఊపిరి. సిలిండరులో పని ముగించిన ఆవిరిని పారేయవు, పొగగొట్టంలోంచి పైకి చిమ్ముతావు. ఆ చిమ్ముడు పొయ్యిలోకి గాలిని లాగుతుంది, గాలి నిప్పును రగిలిస్తుంది. ఎత్తు ఎక్కేకొద్దీ నీ రొప్పు పెద్దదవుతుంది, రొప్పు పెద్దదయ్యేకొద్దీ మంట పెరుగుతుంది. కష్టమే నీకు కొలిమితిత్తి. నువ్వు ఎక్కువ పని చేస్తున్నావంటే ఎక్కువ బలం పుడుతోందన్నమాట.

నీ దేశంలో మొదటి రైలు కొండ ఎక్కలేదు. 1839 అక్టోబరు 3న నేపుల్స్ నుంచి పోర్తిచి దాకా, సముద్రం ఒడ్డునే, ఏడు కిలోమీటర్ల పైచిలుకు నడిచింది. ఆ దారిన పరుగెత్తిన బయార్ అనే ఇంజను ఇంగ్లండులో పుట్టినది. దానికీ ఆరు చక్రాలే, కానీ లాగేది మధ్యనున్న ఒక్క జతే. పక్కన సముద్రం, నేల చదును, నేపుల్స్ రాజుగారి ముచ్చట. దానికి అది చాలింది. ఇటలీకి చాలలేదు. ఆ దేశం వెన్నుపొడవునా అపెనైన్ కొండలు, తలాపున ఆల్ప్స్. రేవు నుంచి ఊరికి సరుకు చేరాలంటే ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి.

జెనోవా రేవు వెనక జోవి కనుమ ఉంది. ట్యూరిన్ నుంచి వచ్చిన దారి 1853 నాటికి ఆ కనుమ దాటి, 3 కిలోమీటర్లు దాటిన సొరంగంలోంచి, వెయ్యికి 35 వాలుతో సముద్రం వైపు దిగింది. ఆ వాలు మీద ఇంజన్లు నడుస్తాయని నమ్మినవాళ్లు తక్కువ. స్టీఫెన్సన్ కార్ఖానా నాలుగు చక్రాల ఇంజన్లను జంటలుగా వీపుకు వీపు ఆనించి పంపింది. అంతరించిన ఏనుగుజాతి పేరుతో జోవి మాస్టొడాన్లు అన్నారు వాటిని. వీపుకు వీపు ఆనించిన ఆ జంటను చూస్తే నాకు తోచేది ఒక్కటే: ఒంటరి ఇరుసుకు కొండ లొంగదు. ఆ సంగతి తెలిశాక ఇక వెనక్కి వెళ్లడం లేదు.

నీ అసలు పుట్టిల్లు ఫ్రాన్సులో ఉంది. బుర్బోనె అనే ప్రాంతపు దారి కోసం 1850లలో అక్కడ పుట్టిన ఆరు చక్రాల గూడ్సు ఇంజను, ఆ ప్రాంతం పేరుతోనే యూరపంతా తిరిగింది. బయట సిలిండర్లు, పొట్టి చక్రాలు, పొడుగు బాయిలరు, పటాటోపం ఏమీ లేదు. ఇటలీకి వచ్చాక కూడా నీ రకాన్ని బుర్బోనె అనే పిలిచారు. ఫ్రెంచివాళ్లు, బెల్జియంవాళ్లు, వియన్నావాళ్లు, జర్మన్లు నిన్ను చేసి పంపారు. జెనోవా పక్కన సాంపియెర్దారెనాలో అన్సాల్దో, నేపుల్స్ పక్కన పియెత్రార్సా కూడా ఇంజన్లు చేశాయి. 1861లో ఇటలీ ఒక్క రాజ్యమయ్యేనాటికి ఆ దేశమంతటా ఉన్నది 2,000 కిలోమీటర్ల పైచిలుకు పట్టాలే, అవీ ముక్కలు ముక్కలుగా. 1865లో కంపెనీల్ని కొన్నింటిగా కలిపారు, 1885లో మళ్లీ విడదీసి కలిపారు, 1905లో ప్రభుత్వమే తీసుకుంది. ప్రతిసారీ నీ ఒంటి మీద నంబరు మారింది. నువ్వు మాత్రం అదే బొగ్గు తిని అదే బరువు లాగావు.

పియెత్రార్సా పేరు చెప్పి ఆగకుండా పోలేను. ఆ మాటకు కాలిన రాయి అని అర్థం. 1631లో వెసూవియస్ కక్కిన లావా ఆ ఒడ్డుకు ఆ పేరు తెచ్చింది. అలాంటి చోట బాయిలర్ల కార్ఖానా పెట్టారు. 1863 ఆగస్టు 6న అక్కడి కార్మికులు ఉద్యోగాలు తీసేస్తున్నారని, కూలి కోస్తున్నారని పని ఆపి నిలబడితే, సైనికులు తుపాకులు పేల్చారు. కనీసం నలుగురు చనిపోయారు. తల్లీ, నీ స్తోత్రంలో వాళ్ల నెత్తురు కూడా ఉండాలి. నీ రివెట్లు వేసినవి ఆ చేతులే.

ఆ సంవత్సరమే బొలోనాలో సాహిత్యం బోధించే జొసూయే కార్దూచ్చి సైతాను మీద ఒక స్తోత్రం రాసి, దాని చివర్లో పొగబండిని తెచ్చి నిలబెట్టాడు. నలభై ఏళ్లు దాటాక, 1906లో, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పొగబండిని ఆయన ఒక తిరుగుబాటుగా చూశాడు. నాకు నువ్వు అలా కనిపించవు. నాకు నువ్వు కావడి మోసే మనిషివి, ఐలేసా అంటూ రేవులో మూట ఎత్తే మనిషివి.

1864 నవంబరులో బొలోనా నుంచి పిస్తోయా దాకా పొర్రెత్తానా దారి తెరిచారు. జా లూయీ ప్రోచ్ అనే ఫ్రెంచి ఇంజనీరు దాన్ని గీశాడు. ఉత్తరాన్నీ తోస్కానానూ అపెనైన్ల మీదుగా కలిపిన మొదటి రైలు అది. 47 సొరంగాలు. పిస్తోయా నుంచి ప్రాక్కియా దాకా పాతిక కిలోమీటర్లలో దారి 550 మీటర్లు పైకి పాకుతుంది. మెలికలు తిరిగి తిరిగి, అదే లోయను పైనుంచి మళ్లీ చూపిస్తుంది. ఎనిమిది చక్రాల పెద్దక్కలు కూడా ఆ కొండల్లో పనిచేశారు. ఆ మాట దాచను, నీ ఒక్కదాని ఘనతే అనను. కానీ మైదానంలో, మెట్టలో, రేవులో, చిన్న స్టేషన్ల షంటింగులో, దేశం నాలుగు మూలలా ఎక్కువ రోజులు ఎక్కువ సరుకు కదిలించింది ఆరు చక్రాల మీదే.

సొరంగాల్లో నీ ఊపిరే నీవాళ్లకు గండం. బయట ఆకాశంలో కలిసిపోయే పొగ, లోపల పైకప్పుకు తగిలి కిందికే దిగుతుంది. ముందొక ఇంజను, వెనకొక ఇంజను కట్టి ఎక్కుతుంటే, వెనక ఇంజనువాళ్లు ముందుదాని పొగలోనే నడవాలి. డ్రైవరూ ఫైర్‌మ్యానూ తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని నేలకు వంగి ఊపిరి తీసేవాళ్లు. 1898 ఆగస్టులో జోవి సొరంగంలో ఒక గూడ్సు బండి సిబ్బంది పొగకు స్పృహ తప్పారు. బండి వెనక్కి జారి, కింద నిలిచి ఉన్న ప్రయాణికుల బండిని గుద్దింది. ప్రాణాలు పోయాయి. అంతకు కొన్నేళ్ల ముందే ప్రాక్కియా సొరంగం మూతి దగ్గర సక్కార్దో అనే ఇంజనీరు పెద్ద పంకా పెట్టి లోపలికి గాలి కొట్టించే పద్ధతి కనిపెట్టాడు. కొండ మీద గెలిచింది నువ్వైతే, పొగ మీద గెలవడానికి ఇంకెవరో కావలసి వచ్చారు.

నీ వంశంలో గర్వించదగ్గ పుట్టుక కూడా ఒకటి ఉంది. 1884లో ట్యూరిన్ కార్ఖానాలో, చేజరే ఫ్రెస్కో నాయకత్వంలో, ఆరు లాగుడు చక్రాలకు ముందు నాలుగు చిన్న చక్రాలు తగిలించి ఒక ఇంజను చేశారు. దానికి రాజు రెండవ విత్తోరియో ఎమనూయేలె పేరు పెట్టారు. యూరపులో ఆ రకానికి అదే మొదటిదని చరిత్ర రాసినవాళ్లు అంటారు. జోవి వాలు మీద ప్రయాణికుల బండ్లు లాగడానికే దాన్ని తలపెట్టారు. అందులో కూడా బలం ఎక్కడిదంటే, నీ మూడు ఇరుసులదే.

నీకూ మాకూ ఒక దూరపు చుట్టరికం ఉంది. 1870 నుంచి 1914 దాకా లండన్ నుంచి మన దేశానికి వచ్చే టపా సంచులు ఇటలీ పొడవునా రైలెక్కి, బ్రిందిసి రేవులో ఓడ మారి, సూయెజ్ మీదుగా బొంబాయి చేరేవి. ఆ బండిని ఇటలీవాళ్లు ఇండియా సంచి అనేవారు. మద్రాసు కచేరీల్లో, బళ్లారి దండులో ఎవరో ఎదురుచూసిన కవర్లు ఆ సంచుల్లో ఉండేవి. టపా బండి వేగం నీది కాదు, అది పెద్ద చక్రాల చెల్లెళ్ల పని. కానీ ఆ బండికీ బొగ్గు కావాలి, ఇటలీ గడ్డలో బొగ్గు లేనట్టే. ఇంగ్లండు నుంచి ఓడల్లో జెనోవాకు దిగిన బొగ్గును కొండలు దాటించి లోపలి షెడ్లకు చేర్చినది గూడ్సు బండే.

ఆ బొగ్గు కరువే చివరికి నిన్ను పక్కకు జరిపింది. కొండవాగుల నీటితో పుట్టిన కరెంటును ఇటలీవాళ్లు తెల్ల బొగ్గు అన్నారు. 1910 ప్రాంతంలో జోవి మీద పొగ లేని ఇంజన్లు ఎక్కడం మొదలైంది. వాటికి ఐదు ఇరుసులు. ఆ ఐదింటినీ కలిపినది, తల్లీ, మళ్లీ కప్లింగ్ రాడ్డే.

నేపుల్స్ వెళ్లినవాళ్లు ఒక పూట పియెత్రార్సాకు కేటాయించండి. పాత కార్ఖానాయే 1989లో రైల్వే మ్యూజియం అయింది. ముందు వరసలో 1939లో చేసిన బయార్ నకలు మెరుస్తూ ఉంటుంది, అందరూ దాని దగ్గర ఫోటోలు దిగుతారు. మీరు ఇంకాస్త లోపలికి నడవండి. అక్కడ 290 తరగతి ఆరు చక్రాల నల్ల ఇంజను ఒకటి ఉంది. దాని పక్కన వంగి, మూడు చక్రాల మీదుగా సాగిన ఆ కడ్డీని చూడండి. నేపుల్స్ నుంచి వచ్చే లోకల్ రైలు మ్యూజియం పక్కనే ఆగుతుంది. అది నడిచేది 1839లో వేసిన దారి మీదే.