తిన్నడి ఎంగిలి, మా నాయనమ్మ రోలు

తెలుగు సార్లకి తిన్నడంటే ప్రాణం. నేనూ తెలుగు సారునే. ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లోని ఆ కథ చెప్పేటప్పుడు నా గొంతూ వణుకుతుంది. లింగం కంట్లోంచి నెత్తురు కారటం, బోయపిల్లోడు తన కన్ను పెరికి పెట్టటం, రెండో కంటికి ఆనవాలుగా కాలు ఆనించటం. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప' నుంచి 2025లో వచ్చిన 'కన్నప్ప' దాకా జనానికి గుర్తుండేది ఆ కళ్లే. కళ్లకంటే ముందు ఆ కథలో కూర ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

ఎత్తినా ఏమంటారు? పాపం అజ్ఞాని, ఆచారం తెలీనోడు, ఎంగిలి మాంసం పెట్టాడు, అయినా భక్తి గొప్పది కాబట్టి దేవుడు క్షమించాడు అంటారు. ఈ 'అయినా' దగ్గరే నా పేచీ. తమిళంలో శేక్కిళార్ 12వ శతాబ్దంలో రాసిన పెరియపురాణంలో అది అడవిపంది మాంసమని స్పష్టంగా ఉంది. కాల్చి, కొరికి చూసి, మంచి ముక్కలు ఏరి దేవుడికి పెట్టాడు. అది అజ్ఞానం ఎట్లా అవుద్ది? వండటం తెలిసినోడి పని అది.

మా ఊరి దేవుడూ శివుడే. సంగం జాగర్లమూడి సంగమేశ్వరుడు. ఆ ఊళ్లోనే మా పల్లె, పల్లెలో మా నాయనమ్మ రోలు. ఆమె పుట్టిల్లు పల్నాడు, మాచర్ల అవతల. చిన్నప్పుడు వాళ్ల అయ్య నల్లమల అంచుల్లోంచి అడవిపందిని తెచ్చేవాడంట. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక అనుమతి లేకుండా దాన్ని చంపటం నేరం. నేను తిన్నది ఊరపందే. కానీ వండే తీరు మాత్రం ఆమె అడవినించి తెచ్చుకుందే.

"అడవిదానికి కొవ్వుండదురా అయ్యా, కండంతా నారే. ముక్కలుగా వండితే పళ్లూడతాయి" అనేది. అందుకని చింతమొద్దు మీద కత్తితో కైమా కొట్టేవాళ్లు. ఊరపంది కొవ్వు కాస్త కలిపి, ఎండుమిరపకాయలు, ధనియాలు, అల్లం, వెల్లుల్లితో రోట్లో నూరేవాళ్లు. ఊరపందికైతే నూనె చుక్క అక్కర్లేదు. దాని కొవ్వే కరిగి కూరని వేయిస్తది. పచ్చి వాసన పోయిందాకా, నీరంతా ఇగిరిందాకా పొయ్యి దించనిచ్చేది కాదు. "పందిమాంసం సగం ఉడికిందంటే రోగం" అనేది. చివర్లో గోంగూర. అప్పుడు ఒక ముద్ద తీసి ఊది, తను నోట్లో వేసుకుని చూసేది. ఉడికిందని తేలాకే మాకు పెట్టేది. తిన్నడు చేసిందీ అదే గదా! ఒకరు చేస్తే కావ్యం, ఒకరు చేస్తే కంపు.

ఇంతా రాశాక నా సంగతీ చెప్పాలి. ఒక బడిలో పొద్దున తిన్నడి పాఠం చెప్పాను. మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో బాక్సు తెరిచాను. పక్కాయన ముక్కు ఎగబీల్చి "ఏం కూర మాస్టారూ?" అన్నాడు. "చికెన్" అన్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ డిగ్రీ నాకు ఆ మాట నేర్పింది. తిన్నడు తను తెచ్చింది ఏంటో దేవుడి దగ్గరే దాచలా. నేను ఒక సారు దగ్గర దాచాను.

మనవాళ్లనీ ఒక మాట అడగాలి. పెద్దకూర గురించి మనం గొంతెత్తాం. 2012లో ఉస్మానియాలో బీఫ్ పండగ చేసుకున్నాం. పంది దగ్గరికొచ్చేసరికి మనకే గొంతు తగ్గుద్ది. "అది ఎరుకలోళ్లు మేపేది, మేం ముట్టం" అనేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. మనల్ని తోసిన మెట్టు మీదే మనం ఇంకొకర్ని నిలబెడతన్నాం. మన సాహిత్యం ముందు ఈ మెట్టుని చూడాలి.

తిన్నడి కథలో నన్ను భయపెట్టేది నెత్తురు కాదు. పూజారికి అతని కూర మీద అసహ్యం పోవాలంటే అతను రెండు కళ్లూ ఇవ్వటానికి సిద్ధపడాల్సి వచ్చింది. మా తిండికి మర్యాద కావాలంటే మేమూ ఏదో ఒకటి పెరికి ఇవ్వాలా? వచ్చే ఏడు ఈ ప్రశ్నతోనే పాఠం మొదలుపెడతాను. కళ్ల దగ్గర కాదు, పొయ్యి దగ్గర మొదలుపెడతాను.

ఆ స్టాఫ్‌రూంలో ఎవరైనా ఇది చదివితే వాళ్లకో మాట. ఆ రోజు నా బాక్సులోది చికెన్ కాదు.