అంకె వచ్చు, లెక్క రాదు

మొన్న ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలకు మా చిన్నమ్మ యింటికి వెళ్ళాను. సింహవాహిని మహంకాళి అమ్మవారికి బోనం సమర్పించి వచ్చి, భోజనాలు కానిచ్చి, మగవాళ్ళం నడుం వాల్చే వేళకు చెల్లెలి మనవడు సెల్‌ఫోను పట్టుకుని నాకు పరీక్ష పెట్టడానికి వచ్చాడు.

“తాతా, స్టార్ ట్రెక్ నీకు మొత్తం ఎరుకనట గద! ఓడ నంబరు చెప్పు.”

“ఎన్.సి.సి. 1701.”

“కెప్టెన్ కిర్క్ నడిమి పేరు?”

“టైబీరియస్.”

“ట్రిబుల్స్ ఎన్ని?”

“17,71,561.”

వాడు నోరు తెరిచాడు. నేను మీసం దువ్వుకోబోతూండగా వంటింటి గడప దగ్గర నుంచి చెల్లెలి గొంతు వినిపించింది. “గా లెక్క ఎట్లొచ్చిందో గూడ చెప్పు అన్నా.”

మీసం దాకా పోయిన చెయ్యి అక్కడే ఆగింది. ఆ ప్రశ్న వయసు నలభై యేళ్ళు.

సంగతి తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజన్‌లో మొదలైంది. మూడేళ్ళు నడిచి, 79 భాగాలతో 1969లో ఆగిపోయింది. ఆగింది కదా అని వూరుకున్నారా? తర్వాత సినిమాలు, మళ్ళీ సీరియళ్ళు, వాటికి పిల్ల సీరియళ్ళు. ఎనభైల్లో మన దూరదర్శన్ ఆదివారం పొద్దుటిపూట పాత భాగాలు వేసేది. మా సందులో టీవీ వున్న యిల్లు చిన్నమ్మదే. గదినిండా జనం. యింగ్లీషు అర్థమయ్యేది నాకొక్కడికే, అదీ సగం. మిగతా సగం సొంతంగా కల్పించి చెప్పేవాణ్ణి. దుబాసీ దర్జా ఎలాంటిదో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

ఆ పాత భాగాల్లో ఒకటి ట్రిబుల్స్ కథ. 1967 డిసెంబరు 29న అమెరికాలో మొదటిసారి వచ్చింది. రాసింది డేవిడ్ జెరాల్డ్, అప్పటికి యిరవై దాటిన కుర్రవాడు. ట్రిబుల్ అంటే వూలు వుండలాంటి ముద్దు జంతువు. తినడం, పిల్లల్ని పెట్టడం, దానికి వేరే పని లేదు. ఒకే ఒక్కటి వస్తుంది. చూస్తూండగా ధాన్యపు గిడ్డంగి నిండిపోతుంది. కెప్టెన్ పైతలుపు తెరిస్తే నెత్తిన వర్షంలా కురుస్తాయి. అప్పుడు స్పాక్ లెక్క చెబుతాడు: ఒక్కొక్కటి పన్నెండు గంటలకోసారి పదేసి పిల్లల్ని పెడితే మూడు రోజుల్లో 17,71,561.

నేను ఆ మిలియన్లను గబగబా లక్షల్లోకి మార్చి ప్రకటించాను. గదిలో “అబ్బో” అన్నారు. ఏడో తరగతి చదివే చెల్లెలు మాత్రం అడిగింది: “పదేసి పిల్లలైతే అంకె చివర సున్నా రావాలె గద అన్నా. ఒకటెట్ల వచ్చింది?”

నాకు తెలియదు. తెలియదని చెప్పవచ్చు. కాని దుబాసీకి తెలియదంటే ఎలా? “నీకు యింగ్లీషు రాదు, వూరుకో” అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల లేచి వంటింట్లోకి పోయింది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ మరుసటి వారమూ రాలేదు.

యిప్పుడు అసలు విషయానికి వస్తాను. యీ సీరియల్ అభిమానుల జ్ఞానాన్ని నేను తక్కువ చెయ్యను. మన సినిమా అభిమానులు ఏ బొమ్మ ఏ సెంటర్లో ఎన్ని రోజులాడిందో ఒప్పచెప్పినట్టే వీళ్ళూ ఒప్పచెబుతారు, అందులోనూ భక్తి వుంది. ఆ పట్టుదల ఎంతదంటే, వాళ్ళు రాసిన వుత్తరాల ఒత్తిడికి 1976లో అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కు ఎంటర్‌ప్రైజ్ అని ఆ ఓడ పేరే పెట్టింది. (పాపం, అది పరీక్షలకే పరిమితమై అంతరిక్షానికి ఎన్నడూ పోలేదు.) “బీమ్ మీ అప్, స్కాటీ” అని లోకమంతా అనుకరిస్తుంది గాని, సరిగ్గా ఆ మాటల్లో ఆ 79 భాగాల్లో ఎవరూ అనలేదని కనిపెట్టింది కూడా యీ అభిమానులే. యిది వట్టి గొప్పకోసం మోసే సమాచారం కాదు. శ్రద్ధగా విన్న చెవి. విమర్శకుడికి కావలసింది కూడా అదే.

కిర్క్ నడిమి పేరునే తీసుకోండి. “టైబీరియస్” అని చెప్పి మార్కు కొట్టెయ్యవచ్చు. కాని తొలిరోజుల్లో ఒక భాగంలో అతని పేరున్న సమాధిరాయి మీద చెక్కిన అక్షరం “ఆర్”. టైబీరియస్ 1974లో బొమ్మల సీరియల్లో గాని రాలేదు. అంటే పుట్టించిన వాళ్ళకే తమ నాయకుడెవరో అప్పటికింకా పూర్తిగా తెలియదన్నమాట. అలాగే సులూ అనే నావికుడికి చాలాకాలం యింటిపేరు తప్ప అసలు పేరు లేదు. 1981లో వోండా మెకింటైర్ తన నవలలో “హికారు” అని పెట్టింది. పదేళ్ళకు, 1991 సినిమాలో, తెర కూడా ఆ పేరును ఒప్పుకుంది. యిలాంటివి అడిగితే జవాబు వెనక ఒక కథ, కథ వెనక మరో ప్రశ్న వస్తాయి. ఓడ నంబరు అడిగితే నంబరే వస్తుంది. నా అభ్యంతరమల్లా నంబరు చెప్పలేనివాణ్ణి గది బయట నిలబెట్టే పద్ధతి మీద. ఆ పద్ధతిలో నేను ఫస్టు క్లాసు.

సరే, బోనాల నాటికి వద్దాం. మనవడి ముందు పరువు పోకూడదని క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి గుణించడం మొదలుపెట్టాను. మూడు రోజులకు ఆరు కాన్పులు. పది, వంద, వెయ్యి... ఆరోసారికి పది లక్షలే వచ్చింది. ఏడున్నర లక్షలు ఎటు పోయాయి? మళ్ళీ వేశాను. మళ్ళీ పది లక్షలే.

చెల్లెలు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కాగితం చూసింది.

“తల్లిని యిడిసిపెట్టినవ్ అన్నా. పదిమంది పిల్లలు, మీద తల్లి. పదకొండు. పదకొండును ఆరుసార్లు యెచ్చేస్తె సరిగ్గొస్తది.”

“నీకెప్పుడు తెలిసింది?”

“గప్పుడే. గా వారమే స్లేటు మీద జేసిన.”

“మరి నాతో చెప్పలేదేం?”

“నువ్వు అడిగినవా?”

మనవడు ఫోను పక్కన పడేసి ఆ కాగితం తీసుకున్నాడు. నూట యిరవై ఒకటి, పదమూడు వందల ముప్ఫై ఒకటి అంటూ తనే గుణించుకుపోతున్నాడు. చెల్లెలు నా పక్కన కూర్చుంది.

“అది సరేగాని అన్నా, నేను నడుమనే లేచి పోయిన గద. ఆఖర్ల గవి ఏమైనయ్?”

నలభై యేళ్ళు ఆ ముగింపు తెలియకుండానే వుండిపోయింది! చెప్పాను. గిడ్డంగిలో చాలా ట్రిబుల్స్ చచ్చిపడి వుంటాయి. ధాన్యంలో విషం కలిసిన సంగతి వాటివల్లే బయటపడుతుంది. క్లింగన్ అనే శత్రుజాతివాళ్ళు దగ్గరికొస్తే అవి కీచుమంటాయి, దాంతో మారువేషంలో వున్న వేగు దొరికిపోతాడు. మిగిలినవాటిని స్కాటీ గుట్టుచప్పుడు కాకుండా క్లింగన్ల ఓడ యింజను గదిలోకి పంపించేస్తాడు.

“అన్నింటినా?” అంది.

“అన్నింటినీ.”

“పాపం, గాల్లు ఏం బెట్టి సాదుతరో” అని నవ్వుతూ లేచి, చాయ్ పెట్టడానికి వెళ్ళింది.